పాత కారుకు కొత్త డోర్ హ్యాండిల్: నా అనుభవం

మా కారు 2006 మోడల్, అద్దాలు చేత్తో తిప్పుకునే చిన్న హ్యాచ్‌బ్యాక్. 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు 2021లో తీరితే ఇంకో 5 ఏళ్లకు రెన్యువల్ చేయించాం. ఇంజన్ బాగుంది, బాడీ బాగుంది. పోయిందల్లా వెనక ఎడమ తలుపు బయటి హ్యాండిల్. చూడ్డానికి చిన్న వస్తువే కానీ అమ్మ ఎక్కేదీ దిగేదీ ఆ తలుపు నుంచే. పక్కన మా పాప కూర్చుంటుంది కాబట్టి చైల్డ్ లాక్ వేసే ఉంటుంది. చైల్డ్ లాక్ వేస్తే లోపలి హ్యాండిల్ పనిచేయదు. ఇక బయటిది కూడా పోతే ఆ తలుపు ఎటునుంచీ తెరుచుకోదు. లోపల మనిషి ఉండగా ఏదైనా జరిగితే పరిస్థితి ఏంటన్నది తలచుకుంటేనే టెన్షన్. అందుకే ఇలాంటి రిపేరును ‘తర్వాత చూద్దాంలే’ అనుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

విజయవాడ మే నెల ఎండలో బ్యాంకు బయట ఆగి, అమ్మను దించుదామని హ్యాండిల్ పైకి లాగాను. ఫ్లాప్ ఊడి చేతిలోకి వచ్చేసింది. అమ్మ అటు కుడి తలుపు వైపు జరిగి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా దిగింది. "ఆ తలుపు ఎన్నాళ్లనుంచో బిగుసుకుపోతోంది నాన్నా, రెండు చేతులూ పెడితే గానీ వచ్చేది కాదు" అంది. అసలు కథంతా ఆ మాటలోనే ఉందని తలుపు విప్పాక తెలిసింది.

ముందు చేయాల్సింది మూసుకుపోయిన తలుపు తెరవడం. ఫ్లాప్ ఊడిన ఖాళీలోకి టార్చి వేసి చూస్తే లోపల చిన్న లివర్ కనిపించింది. హ్యాండిల్ లాగినప్పుడు ఆ లివర్ కదిలి, దానికి తగిలించిన ఇనుప రాడ్‌ను నెడుతుంది, రాడ్ వెళ్లి లాక్‌ను వదిలిస్తుంది. సన్న స్క్రూడ్రైవర్‌తో లివర్‌ను కిందికి నొక్కితే తలుపు వచ్చేసింది. తెరుచుకోగానే తలుపు అంచున లాక్ పక్కనుండే మీటతో చైల్డ్ లాక్ తీసేశాను. పని పూర్తయ్యేదాకా అది వేయకూడదు. ఒకవేళ లివర్ కూడా విరిగిపోయి ఉంటే, తలుపు మూసి ఉండగానే దాని లోపలివైపు కప్పి ఉండే ప్యాడ్ ఊడదీయాలి. సీటు అడ్డం వస్తుంది, చాలా కష్టం.

విరిగిన ముక్కను వెలుతురులో పెట్టి చూశాను. ఫ్లాప్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవి ఒకటి తెగింది. తెగిన చోట సగం మేర మట్టి పట్టి నల్లగా ఉంది, మిగతా సగం అప్పుడే విరిగినట్టు తెల్లగా ఉంది. అంటే పగులు ఎప్పుడో వచ్చింది, ఆ రోజు పూర్తయింది. ఏళ్ల తరబడి ఎండలో నిలబడ్డ ప్లాస్టిక్ అప్పడంలా పెళుసెక్కడం మామూలే. కానీ మిగతా మూడు హ్యాండిళ్లూ అదే ఎండలో ఉన్నాయి, అవి విరగలేదు. లాక్ బిగుసుకుపోవడం వల్ల ఈ ఒక్క తలుపునే అందరం బలంగా లాగుతూ వచ్చాం. ఆ బలమంతా ఈ చెవి మీదే పడింది.

పక్కింటాయన గమ్ పెట్టి అతికించమన్నారు. హ్యాండిల్ లాగిన ప్రతిసారీ బరువు పడేది ఆ చెవి మీదే కాబట్టి అతుకు ఆగదు. కొత్తదే కొందామని ముక్క పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను.

"ముందుదా వెనకదా సార్? ఏ సైడు?" అని అడిగి, షాపులో అబ్బాయి రెండు రకాలు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి లోకల్ పీసు, ఇంకోటి కంపెనీది. రేటు సగానికి సగం తేడా. రెంటినీ తిప్పి వెనకవైపు చూశాను. లోకల్ దాంట్లో లివర్ పిన్ను సన్నగా ఉంది, స్ప్రింగ్ మెత్తగా ఉంది. ఫ్లాప్ లేపి వదిలితే నీరసంగా వెనక్కి వస్తోంది. కంపెనీది టప్పున వెళ్లి కూర్చుంది. రోజూ వాడే తలుపు కాబట్టి కంపెనీదే తీసుకున్నాను. కుడివైపుదీ ఎడమవైపుదీ పైకి ఒకేలా ఉంటాయి కానీ వెనక లివర్ తిరిగే దిక్కు వేరు. పాత ముక్క పక్కన పెట్టి చూసుకోకుండా కొనొద్దు. హ్యాండిల్‌తో పాటు రాడ్‌ను పట్టే ప్లాస్టిక్ క్లిప్పులు, తలుపు ప్యాడ్ క్లిప్పులు కూడా కొన్ని తీసుకున్నాను. పదీ ఇరవై రూపాయల వస్తువులే, కానీ పాతవి ఊడదీసేటప్పుడు విరగకుండా రావు.

ఇంటికొచ్చి అద్దం పూర్తిగా పైకెత్తి పని మొదలుపెట్టాను. అద్దం కిందికి ఉంటే లోపల చెయ్యి పెట్టడానికి చోటుండదు. అద్దం తిప్పే హ్యాండిల్‌కు బయటికి స్క్రూ కనపడదు. దాని వెనక గుర్రపు నాడా ఆకారంలో చిన్న స్ప్రింగ్ క్లిప్ ఉంటుంది. పాత నూలుగుడ్డ పీలిక ఒకటి హ్యాండిల్ వెనక దూర్చి, రెండు కొసలూ పట్టుకుని అటూ ఇటూ లాగితే క్లిప్ గుడ్డకు చిక్కుకుని బయటికొస్తుంది. ఎగిరిపోకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఆ తర్వాత లోపలి హ్యాండిల్ స్క్రూ, చెయ్యి ఆనించుకునే దిమ్మె స్క్రూలు తీసి, ప్యాడ్‌ను కింది మూల నుంచి ఒక్కో క్లిప్ దగ్గరా మెల్లగా లాగుతూ వస్తే ఊడొస్తుంది. పవర్ విండోలున్న కార్లలో ప్యాడ్ వెనక వైర్లుంటాయి, వాటి కప్లర్లు విప్పకుండా ప్యాడ్ లాగేయకూడదు.

ప్యాడ్ వెనక నల్లటి బంకతో అతికించిన పాలిథిన్ షీటు ఉంటుంది. కొందరు మెకానిక్‌లు దాన్ని చించి అవతల పారేయడం చూశాను. నాకు ఒళ్లు మండుతుంది. వానకు అద్దం మీద పడ్డ నీళ్లు కొన్ని రబ్బరు దాటి తలుపు లోపలికి దిగుతాయి. తలుపు కింది అంచున ఉన్న కన్నాల్లోంచి అవి బయటికి పోవాలి. అవి ప్యాడ్‌నూ ఫ్లోర్‌మ్యాట్‌నూ తడపకుండా ఆపేది ఈ షీటే. కాబట్టి బంకను బ్లేడుతో నిదానంగా విడదీసి, షీటును సగం దాకా మడిచి టేపుతో అంటించి పెట్టాను. పనిలో పనిగా కింది కన్నాలు చూస్తే మట్టితో పూడిపోయి ఉన్నాయి. సన్న తీగతో పొడిస్తే బురద ముద్దలు ముద్దలుగా వచ్చింది. ఇంకో రెండు వానాకాలాలు అలాగే ఉంటే తలుపు అడుగు తుప్పు పట్టి పోయేది.

హ్యాండిల్‌ను పట్టి ఉంచేవి రెండు 10 నంబరు నట్లు. ఒకటి ఎదురుగానే ఉంది, రెండోది అద్దం జారే పట్టీ వెనక నక్కి ఉంది. లోపలి రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి, గ్లౌజులు తప్పనిసరి. నట్టు జారితే తలుపు అడుక్కి పోయి దొరకదు, అందుకని కింద పాత తువ్వాలు కుక్కాను. బాక్స్ స్పానర్ లోపల కాస్త గ్రీజు రాస్తే నట్టు దానికే అంటుకుని ఉంటుంది. నట్లు తీశాక రాడ్ క్లిప్‌ను పక్కకు తిప్పి రాడ్ విడిపించాలి. క్లిప్ ఊహించినట్టే విరిగింది, కొత్తది పెట్టాను.

హ్యాండిల్ బయటికొచ్చినా కొత్తది వెంటనే బిగించలేదు. ముందు లాక్ సంగతి చూశాను. పాత గ్రీజు దుమ్ముతో కలిసి తారులా గట్టిపడి ఉంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచాను. స్ప్రే మురికిని వదిలిస్తుందే కానీ ఎక్కువ రోజులు జారుడు ఇవ్వదు. ఆరాక తెల్ల గ్రీజు పెట్టి, లాక్ నాలుకను వేలితో ఆడిస్తే తేలిగ్గా తిరిగింది. ఈ పని చేయకుండా హ్యాండిల్ ఒక్కటే మారిస్తే, కొత్త చెవి మీద కూడా మళ్లీ అదే బలం పడుతుంది.

కొత్త హ్యాండిల్ బిగించి రాడ్ తగిలించాక దాని పొడవు సరిచూసుకోవాలి. మా దానికి రాడ్ కొసన మరలున్నాయి, క్లిప్‌ను వాటి మీద తిప్పి సర్దుకోవచ్చు. రాడ్ వదులైతే హ్యాండిల్ పూర్తిగా లేపినా తలుపు రాదు. బిగువైతే తలుపు సరిగ్గా పట్టుకోదు, నడిచే బండిలో అది ఇంకా ప్రమాదం. ఫ్లాప్ లేపగానే మొదట కొంచెం ఖాళీగా కదిలి, ఆ తర్వాత లాక్ కదలాలి.

తలుపు మూయకముందే పరీక్ష చేయడం అన్నిటికన్నా ముఖ్యం. తలుపు తెరిచి ఉండగానే స్క్రూడ్రైవర్ కాడతో లాక్ నాలుకను లోపలికి నెట్టాలి. టిక్కు టిక్కుమని రెండుసార్లు వినపడితే పూర్తిగా పడినట్టు. అప్పుడు బయటి హ్యాండిల్ లేపితే వదిలేయాలి. లోపలి హ్యాండిల్‌తో, లాక్ బటన్‌తో, చైల్డ్ లాక్ వేసి, తీసి, అన్ని రకాలుగా ఇలాగే చూశాను. అంతా సరేననుకున్నాకే తలుపు మూశాను.

షీటును పాత బంక మీదే వేళ్లతో నొక్కి అంటించి, ప్యాడ్ క్లిప్పులు కొత్తవి వేసి బిగించాను. మిగతా మూడు తలుపుల లాకులకూ గ్రీజు పెడుతుంటే, వెనక కుడి హ్యాండిల్ చెవి మీద వెంట్రుక మందాన పగులు కనిపించింది. దానికీ హ్యాండిల్ తెచ్చిపెట్టాను, వానలు పడేలోపు మార్చేస్తాను.