స్వేదన జలం పీహెచ్ కొలవడం: నా అనుభవం

స్వేదన జలంలో పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్ (కొలిచే గాజు కడ్డీ) ముంచితే మీటరు 5.6, 5.8 దగ్గర ఊగుతుంది. పుస్తకంలో 7 (ఆమ్లమూ క్షారమూ కాని తటస్థ స్థితి) అని ఉంది కాబట్టి ముందు మీటరు మీదే అనుమానం వస్తుంది. చాలాసార్లు తప్పు దానిది కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి, కార్బోనిక్ ఆమ్లంగా మారి, పీహెచ్‌ను అక్కడికి దించుతుంది.

25 డిగ్రీల దగ్గర శుద్ధమైన నీటిలో ఆమ్ల గుణాన్నిచ్చే హైడ్రోనియం అయాన్లు 10⁻⁷ మోలార్ (లీటరుకు అన్ని మోల్‌లు), క్షార గుణాన్నిచ్చే హైడ్రాక్సైడ్ కూడా అంతే. లీటరు నీటిలో 55.5 మోల్‌ల నీరుంది. అంటే సుమారు 55 కోట్ల అణువులకు ఒక్కటి విడిపోయినట్టు. పీహెచ్ మారకుండా అడ్డుకునే బఫర్ ఏదీ ఇందులో లేదు. 100 మి.లీ. నీటిలో 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క, 0.05 మి.లీ., పడితే చాలు, పీహెచ్ 4.3కి పడిపోతుంది. అందుకే ఈ పనిలో శుభ్రతదే సగం పాత్ర. పీహెచ్ పేపరు ఇక్కడ దండగ: దాని రంగే ఒక బలహీన ఆమ్లమో క్షారమో, నీటికన్నా దాని మాటే చెల్లుతుంది.

నేను ముందు మీటరును 7.00, 4.01 బఫర్లతో సరిచేస్తాను. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కు 59.16 మిల్లీవోల్టులు రావాలి. ఈ విలువ, అంటే స్లోపు, అందులో 95 శాతం కంటే తగ్గితే ఆ ఎలక్ట్రోడ్‌తో ముందుకెళ్లను. బఫరు నుంచి తీశాక కొలవబోయే నీటితోనే నాలుగైదు సార్లు కడగాలి, టిష్యూతో అద్దాలి, రుద్దకూడదు. రుద్దితే గాజు మీద స్థిరవిద్యుత్తు పుట్టి రీడింగు చాలాసేపు కుదురుకోదు.

తర్వాత బోరోసిలికేట్ కోనికల్ ఫ్లాస్కులో 250 మి.లీ. నీటిని, కరిగిన కార్బన్ డయాక్సైడ్ పోయేలా, పది నిమిషాలు బాగా మరిగిస్తాను. మామూలు గాజు వద్దు. వేడికి అందులోంచి క్షారం నీటిలోకి దిగి పీహెచ్ 7 దాటిపోతుంది, అదేదో మంచి ఫలితమని పొరబడతాం. మరిగాక బిరడా బిగించి చల్లార్చితే లోపల పీడనం తగ్గి బిరడా ఊడిరాదు. అందుకే బిరడాకు సోడా లైమ్ (కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే క్షార పదార్థం) నింపిన గొట్టం పెడితే గాలి లోపలికి వెళ్తుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఆగిపోతుంది. మూత లేకుండా వదిలేస్తే మరిగించిందంతా వృథా.

ఇంత చేసినా అంకె జారుతూనే ఉంటుంది. శుద్ధమైన నీటికి విద్యుత్ వాహకత దాదాపు లేదు, 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 0.055 మైక్రోసీమెన్స్ మాత్రమే. దాంతో ఎలక్ట్రోడ్ లోపలి ద్రావణం నీటిని తాకే సంధి దగ్గర పొటెన్షియల్ (వోల్టేజి) నిలవదు. అందుకే 100 మి.లీ. నీటికి సంతృప్త పొటాషియం క్లోరైడ్ ద్రావణం 0.3 మి.లీ. కలుపుతాను. అది బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసి పుట్టిన లవణం కాబట్టి పీహెచ్‌ను పెద్దగా కదపదు. కలపడం మెల్లగా జరగాలి, గాలి చిలక్కూడదు. 6.7కూ 7.1కూ మధ్య ఆగితే సాధారణ బెంచి మీద అది చాలనుకుంటాను.

ఉష్ణోగ్రత రాయకుండా పీహెచ్ రాస్తే ఆ రీడింగును నేను లెక్కలోకి తీసుకోను. నీటి విచ్ఛేదన (అయాన్లుగా విడిపోవడం) వేడిని గ్రహించే చర్య. 25 డిగ్రీల దగ్గర 1.0 × 10⁻¹⁴ ఉండే అయానిక లబ్ధం (హైడ్రోనియం, హైడ్రాక్సైడ్ గాఢతలను గుణిస్తే వచ్చేది) 60 డిగ్రీలకు సుమారు 9.6 × 10⁻¹⁴ అవుతుంది. అక్కడ తటస్థ నీటి పీహెచ్ 6.5. హైడ్రాక్సైడ్ కూడా సమానంగా పెరిగింది కనుక అది ఆమ్లం కాదు. మీటరులోని ఉష్ణోగ్రత సవరణ ఎలక్ట్రోడ్ స్లోపును సరిచేస్తుందే గానీ, నీటిలో నిజంగా జరిగిన మార్పును 25 డిగ్రీలకు తెచ్చి చూపదు.

10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి పీహెచ్ 8 అని రాసేవాళ్లు మర్చిపోయేదీ ఈ నీటినే. హైడ్రోనియం గాఢతను x అనుకుని నీటి వాటా కలిపితే x² − 10⁻⁸x − 10⁻¹⁴ = 0; x విలువ 1.05 × 10⁻⁷, పీహెచ్ 6.98.

పనయ్యాక ఎలక్ట్రోడ్‌ను స్వేదన జలంలో నిలవ ఉంచకండి, లోపలి అయాన్లు బయటికి పోతాయి. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచండి.