కుంకుమ బొట్టు పెట్టి వేసిన బెజ్జం

పోయినేడు సంక్రాంతి నాటికి నా స్విఫ్ట్ బానెట్ ముందు అంచును తుప్పు లోపలి నుంచి తినేసింది. నల్లగొండ నుంచి మిర్యాలగూడకు రోజూ తిరిగే కారు అది. ధాన్యం లారీల వెనక పోతుంటే గులకరాళ్ళు లేచి తగులుతాయి. తగిలిన చోట పెయింటు ఊడుతుంది, అక్కడ తడి చేరుతుంది. మాకు తెలిసిన టింకరింగ్ మేస్త్రి వేలితో గీరి చూసి, రేకు మార్చాల్సిందే అన్నాడు. ఎట్లాగూ మార్చాలి కదా అని, ఎన్నో ఏళ్ళుగా మనసులో ఉన్న కార్బన్ ఫైబర్ బానెట్‌నే తెప్పించుకున్నాను. బిగించేది కూడా నేనే అనుకున్నాను.

మా అమ్మమ్మగారి ఊరు పుట్టపాక. చిన్నప్పుడు సెలవులన్నీ మగ్గం గుంటల పక్కనే గడిచాయి. కార్బన్ ఫైబర్ మీద నాకు ఇష్టం పుట్టింది అందుకేనేమో, అదీ నేతే కదా. వెంట్రుక కంటే ఎంతో సన్నటి నల్లటి పోగులు మూడు వేలు కలిపితే ఒక కట్ట. దాన్నే త్రీకే అంటారు. ఆ కట్టలే పడుగు, అవే పేక. ఒక్కో పేక రెండు పడుగుల మీదుగా పోయి రెండింటి కిందికి దిగుతుంది. తర్వాతి వరసలో ఈ అల్లిక ఒక్క కట్ట పక్కకు జరుగుతుంది. కార్బన్ మీద మనకు కనబడే ఏటవాలు చారలు ఆ జరుగుడు వల్ల వచ్చేవే. ఆ గుడ్డను అచ్చులో పరిచి ఎపాక్సీ అనే జిగురు పట్టించి గట్టిపరిస్తే బానెట్ అవుతుంది.

పెట్టె విప్పగానే చేసిన మొదటి పని అది అసలుదో కాదో చూడటం. బజారులో ప్లాస్టిక్ మీద కార్బన్ బొమ్మ అచ్చేసినవి ఉన్నాయి. గాజు ఫైబర్ మీద ఒక్క పొర కార్బన్ పరిచినవీ ఉన్నాయి. రెండో రకం మోసం అనను, చెప్పి అమ్మితే. టార్చి వేసి తల అటూ ఇటూ తిప్పి చూస్తే అసలు నేతలో వెలుగు కదులుతుంది, అచ్చుబొమ్మలో కదలదు. ఇంకో పరీక్ష కూడా చేశాను. కార్బన్‌లో కరెంటు పారుతుంది. పైన ఎపాక్సీ ఉన్నచోట పారదు కాబట్టి, అడుగున కనబడని అంచును కాస్త రుద్ది మల్టీమీటర్ ముల్లులు రెండూ ఆనించాను. కుయ్యిమంది. నాకు వచ్చింది పైన కార్బన్, లోపలి చట్రం గాజు ఫైబర్. అమ్మినవాళ్ళూ అదే చెప్పారు.

ధాన్యం తూచే కాంటా మీద రెండు బానెట్లూ పెట్టి చూశాను. పాతది పదమూడు కిలోల పైచిలుకు, కొత్తది ఏడుకు కొంచెం తక్కువ. టన్నుకు దగ్గరుండే కారులో ఆరు కిలోలు తగ్గితే పికప్ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. నాకు పెరగలేదు. బానెట్ ఎత్తేటప్పుడు చేతికి మాత్రం తేడా తెలుస్తుంది.

మొదటి ఆదివారం పాతది విప్పాను. విప్పే ముందు కీళ్ళ చుట్టూ మార్కర్‌తో గీత గీసుకున్నాను, లేకపోతే మళ్ళీ ఎక్కడ కూర్చోవాలో తెలియదు. వాషర్ నీళ్ళ పైపు ఊడదీసి, మా తమ్ముడు ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని, 12 నంబర్ పానాతో కీలుకు రెండేసి బోల్టులు తీశాం. పది నిమిషాల్లో అయిపోయింది. ఆ ఊపులో కొత్తది సాయంత్రానికల్లా ఎక్కుతుందనుకున్నాను. ఆరు ఆదివారాలు పట్టింది.

కొత్తది పెట్టి చూస్తే ఎడమ ఫెండర్ వైపు వేలు దూరేంత సందు, కుడి వైపు అంచు ఫెండర్‌ను రాసుకుంటోంది. మేస్త్రిని పిలిచాను. ఆయన చుట్టూ తిరిగి చూసి అన్న మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. "తమ్మీ, రేకయితే సుత్తెతోని కొట్టి దారికి తెస్తుంటి. గిది కొడితే ఇరుగుతది. కారునే దీనికి తగ్గట్టు సదురుకో, గది అయినంకనే దీన్ని ముట్టు." ఈ పని మొత్తానికి కీలకం అదే. రేకు తప్పును క్షమిస్తుంది, వంచితే వంగుతుంది, అతుకు వేస్తే అతుక్కుంటుంది. కార్బన్ నుంచి ఒకసారి తీసేసింది మళ్ళీ రాదు. అందుకే ముందు రుద్దకూడదు, ముందు కోయకూడదు.

బోల్టులు వేళ్ళతో మాత్రమే బిగించి బానెట్‌ను జరుపుకుంటూ పోయాను. సందు కొలవడానికి రెండు రూపాయల బిళ్ళలు రెండు కలిపి టేపు చుట్టి పెట్టుకున్నాను. ఆ జత రెండు వైపులా ఒకే బిగువుతో దూరాలి. కీళ్ళు జరిపి, ముందు రబ్బరు గుబ్బలను తిప్పి ఎత్తు సరిచేసి, ఎడమ ఫెండర్ బోల్టులు వదులు చేసి కాస్త లోపలికి నెట్టేసరికి రెండో ఆదివారం గడిచింది. అప్పటికీ కుడి వెనక మూల ఒక్కచోట రాసుకుంటూనే ఉంది. కారును ఇక జరిపే చోటు లేదని తేలాకే ఎమరీ కాగితం పట్టాను.

రుద్దేది నీళ్ళతోనే. 240 నంబర్ గరుకు కాగితంతో మొదలు, తర్వాత ఇంకా నున్నటి 400, ఆపైన 800. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది, ఒంటి మీద పడితే దురద. అది కరెంటును పారించే దుమ్ము కాబట్టి ఆల్టర్నేటర్ మీదా ఫ్యూజు డబ్బాలోనూ పడకూడదు. ఇంజను మీద తడి దుప్పటి కప్పాను. ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు, నిండు చేతుల చొక్కా వేసుకున్నాను. రుద్దిన అంచును అట్లాగే వదలలేదు. కోసిన పోగుల మధ్యకు తడి ఎక్కుతుంది కాబట్టి ఎపాక్సీ పూసి మూసేశాను.

ఇక తాళం సంగతి. కింది తాళంలో పడే కొండి కొత్త బానెట్‌కు ఒక రేకు పట్టీతో వచ్చింది. ఆ పట్టీ గాజు ఫైబర్ చట్రానికి జిగురుతో అంటించి ఉంది, అంతే. బానెట్ మూసి పైకి లాగితే టిక్కుమని చప్పుడు. ఆ చప్పుడుకు నా గుండె జారింది. హైవే మీద బానెట్ లేచి అద్దానికి కొట్టుకుంటే ముందు ఏమీ కనబడదు, కారులో అమ్మ ఉంటుంది, పిల్లలు ఉంటారు. పట్టీ వెనక స్టీలు ముక్క పెట్టి, వెడల్పాటి వాషర్లతో స్టెయిన్‌లెస్ బోల్టులు దాటించి కట్టాను. లోహానికీ కార్బన్‌కూ మధ్య నైలాన్ వాషర్లు పెట్టాను. రెండూ నేరుగా ఆని తడి తగిలితే చిన్న బ్యాటరీలా పనిచేసి లోహం తినుకుపోతుంది, అల్యూమినియమైతే మరీ త్వరగా. అది చాలదని ముందు వైపు రెండు బానెట్ పిన్నులు, అంటే బెజ్జంలోంచి పైకి వచ్చి బానెట్‌ను పట్టి ఉంచే మేకులు, కూడా పెట్టాలనుకున్నాను. కార్బన్ బానెట్ పెట్టుకునే ఎవరికైనా నా మాట ఒకటే, పిన్నులు లేకుండా హైవే ఎక్కొద్దు.

పిన్ను నిలబడేది రేడియేటర్ పైనున్న అడ్డ రేకు మీద. బానెట్‌లో బెజ్జం సరిగ్గా దాని మీదికి రావాలి. కొలిచి గుర్తు పెడదామని టేపు పట్టుకుంటే అమ్మ చూసి, "బొట్టు పెట్టి మూయరా" అంది. దేవుడి అరలోంచి కుంకుమ తెచ్చి, నూనెతో తడిపి పిన్ను కొసకు అద్దింది. బానెట్ మెల్లగా దించి ఎత్తితే అడుగున రెండు ఎర్రటి చుక్కలు. ఏ కొలతా అంత కచ్చితంగా చెప్పేది కాదు.

గుర్తు అంత బాగా దొరికినా మొదటి బెజ్జం పాడుచేశాను. అటూ ఇటూ మాస్కింగ్ టేపు అంటించాను, 3 మిల్లీమీటర్ల బిట్టుతో దారి వేశాను, అంతవరకు సరే. పెద్ద బిట్టు పెట్టాక వెనక చెక్క ఆనించకుండా బలంగా నొక్కాను. బిట్టు అటు దాటుతూ అడుగు పొరలను లేపేసింది. బిళ్ళంత మేర పొరలు విడిపోయాయి. ఆ రోజు ఇక డ్రిల్లు ముట్టలేదు. మర్నాడు పల్చటి ఎపాక్సీని సిరంజితో పొరల మధ్యకు ఎక్కించి, పాలిథిన్ ముక్క పెట్టి, రెండు చెక్కల మధ్య బిగించి ఒక రోజంతా వదిలాను. గట్టిగానే కూర్చుంది. రెండో బెజ్జానికి వెనక చెక్క కట్టి, కొత్త కార్బైడ్ బిట్టు వేసి, మిషన్ బరువు తప్ప చేతి బరువు పెట్టలేదు. గాజు కోసినట్టు శుభ్రంగా వచ్చింది.

రంగు గురించి చాలా ఆలోచించాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటితో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. నా ఆర్సీలో రంగు తెలుపు. ఇంకో కారణం మన ఎండ. నల్లగొండ మే నెలలో నల్లటి బానెట్ మీద చెయ్యి ఆనదు, కింద ఇంజను వేడి వేరే. మామూలు గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ 60, 70 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది. ఎండలోని అతినీల కిరణాలకు పసుపెక్కుతుంది కూడా. అందుకని తెలుపే వేయించి, మధ్యలో జానెడు వెడల్పు పట్టీ మాత్రం నేత కనబడేలా వదిలి, బానెట్ అంతటి మీదా ఎండను ఆపే క్లియర్ కోట్, అంటే రంగులేని పైపూత, కొట్టించాను. ఇది నేను చేయలేదు. ఆ క్లియర్‌లో కలిపే హార్డెనర్ ఆవిరి మామూలు మాస్కుకు ఆగదు, సరైన మాస్కూ గదీ ఉన్న షెడ్డుకు ఇచ్చాను. ఇన్సూరెన్స్ వాళ్ళకు మార్పు సంగతి రాతపూర్వకంగా తెలియజేశాను. రేపేదైనా జరిగితే ముందే చెప్పలేదనే మాట రాకూడదు.

ఒకటి దాచకుండా చెప్పాలి. కంపెనీ రేకు బానెట్‌ను గుద్దుకున్నప్పుడు మడత పడేలా చేస్తారు. ఇది మడత పడదు, ముక్కలవుతుంది. ఆ సంగతి తెలిసే పెట్టుకున్నాను, వేగమూ తగ్గించుకున్నాను.

ఆరో ఆదివారం తెల్లవారుజామున చెర్వుగట్టుకు బయల్దేరాం. ముందు 40లో, తర్వాత 60, నార్కట్‌పల్లి దగ్గర పడ్డాక 80. ఎదురుగా లారీ దాటినప్పుడల్లా నా చూపు బానెట్ అంచు మీదే ఉంది. గాలికి సన్నగా వణికింది తప్ప లేవలేదు. గుట్ట ఎక్కాక దర్శనానికి ముందే బానెట్ ఎత్తి బోల్టులన్నీ పానాతో చూశాను. కుడి కీలు బోల్టు ఒకటి పావు చుట్టు తిరిగింది. మళ్ళీ ఇంటికొచ్చాక చూస్తే ఏదీ కదల్లేదు.

తమ్ముడు నిమ్మకాయ తెచ్చి చక్రం కింద పెట్టాడు. అమ్మ పళ్ళెంలో కుంకుమ తీసుకుని బానెట్ మీద, సరిగ్గా ఆ నేత పట్టీ మీద బొట్టు పెట్టింది.