షుగర్ బోర్డులో పంచదార కనబడాలి

2025 మేలో సీబీఎస్ఈ తన బడులన్నిటినీ షుగర్ బోర్డులు పెట్టమంది, అంటే తినేవాటిలో తాగేవాటిలో ఎంత పంచదార ఉందో పిల్లలకు చూపే బోర్డులు. ఫ్లెక్సీ కొట్టించి, ఫొటో దిగి, మేకుకు తగిలించేస్తే పని అయిపోయినట్టే అనుకుంటే మాత్రం దండగ. అచ్చు అంకెలు పిల్లల కంటికి ఆనవు.

బడి పక్క కొట్టులో పిల్లలు నిజంగా కొనే వాటి ఖాళీ సీసాలే తెప్పించండి. లేబుల్ మీద లెక్క మామూలుగా 100 మి.లీ.కి ఉంటుంది, చాలా కూల్‌డ్రింకుల్లో అది 10, 11 గ్రాములు. పొరపాటంతా ఇక్కడే. ఆ పదే బోర్డు మీదికి ఎక్కించేస్తారు. సీసా 250 అయితే రెండున్నర రెట్లు, 600 అయితే ఆరు రెట్లు వేయాలి. అంటే పెద్ద సీసాలో 60 గ్రాముల పైమాటే, దాదాపు పదిహేను చెంచాలు. రోజు మొత్తానికి పెద్దవాళ్లకే 25 గ్రాముల లోపైతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. త్రాసు మీద పిల్లల చేతే తూయించి, ఆ పంచదారను అదే సీసాలో పోసి మూత బిగించండి. ప్లాస్టిక్ కవర్లో కడితే వారానికల్లా చీమలదే బోర్డు. మామిడి డ్రింకుల్ని వదలొద్దు, పండు బొమ్మ చూసి అమ్మలే కొనిపెడతారు.

వద్దన్నాక ఏం తాగాలో కూడా చూపించాలిగా. నిమ్మరసం పెడదామంటారు గానీ, గ్లాసుకు నాలుగు చెంచాల పంచదార పడితే అదీ కూల్‌డ్రింకుకు చెల్లెలే. మజ్జిగ నయం. వందమందికి తలా 150 మి.లీ. చొప్పున 15 లీటర్లు కావాలి: 4 లీటర్ల పెరుగు, 11 లీటర్ల నీళ్లు, 45 గ్రాముల ఉప్పు, దంచిన అల్లం, నలిపిన కరివేపాకు. పచ్చిమిర్చి వేస్తే చిన్న తరగతులవాళ్లు ముట్టరు.

ఎండాకాలం పెరుగు పొద్దున్నే తోడేస్తే పదింటికి సరిగా తోడుకోదు, సాయంత్రమే వేస్తే పులిసిపోతుంది. రాత్రి పడుకునే ముందు వేయడం సరి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో కిలమెక్కుతుంది, స్టీలుదో మట్టికుండో వాడండి. ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియదు కనుక మజ్జిగలో కాదు, గిన్నె చుట్టూ వేయండి. ఆ పక్కనే చల్లటి మంచినీళ్ల కుండ కూడా ఉండాలి. కుళాయిలో వేడినీళ్లు వస్తుంటే పిల్లాడు కొట్టుకే పోతాడు.