శాలువా కన్నా వంద కాపీలు మేలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఊళ్లలో తెలుగు రాసేవాళ్లకు కొదవ లేదు. వాళ్ల పుస్తకం దొరికే షాపుకే కొదవ. రచయిత సొంత డబ్బుతో మూడొందల కాపీలు వేయించుకుంటాడు, సగం చుట్టాలకూ స్నేహితులకూ పంచుతాడు, మిగతావి అటకెక్కుతాయి. కాబట్టి ఈ వైపు పుస్తకాల షాపు పురస్కారం పెడితే, పుస్తకానికొకటి, బొమ్మకొకటి, ముందుగా చూడాల్సింది ఆ పుస్తకం అమ్ముడవుతుందా లేదా అని. జపాన్‌లో 2004 నుంచి పుస్తకాల షాపుల్లో పనిచేసేవాళ్లే ఓట్లేసి పురస్కారం ఇస్తున్నారు. తాము అమ్మాలని మనసుపడిన పుస్తకం ఏదన్నదే అక్కడ ప్రశ్న. చిన్న షాపుకు ఇంతకన్నా మంచి కొలత కనిపించదు.

డబ్బు లెక్క ముందే వేసుకోవాలి. మొత్తం 50,000 రూపాయలు అనుకుందాం. రచయితకు 8,000, చిత్రకారుడికి 8,000. గెలిచిన పుస్తకం ధర 150 అయితే 40 శాతం తగ్గింపుతో 90 చొప్పున వంద కాపీలు షాపే కొనాలి, అది 9,000. తుది జాబితాకొచ్చిన మరో నాలుగు పుస్తకాలు ఇరవయ్యేసి కాపీలు, 7,200. ముగ్గురు న్యాయనిర్ణేతలకు మూడేసి వేలు, 9,000. బొమ్మలకు ఫ్రేములు, రవాణా 4,500. సభకు 3,000. స్టిక్కర్లు, పోస్టర్లు, పోస్టు ఖర్చులు 1,300. కొన్న 180 కాపీల్లో సగం అమ్ముడైనా 13,500 వెనక్కొస్తుంది, వచ్చే ఏటికి అదే మూలధనం. సభ ఖర్చును 3,000 దాటనివ్వకండి. శాలువాలు, జ్ఞాపికలు, భోజనాలు మొదలైతే ముందు కోత పడేది కాపీల కొనుగోలుకే.

కొన్న కాపీలకు అప్పటికప్పుడే డబ్బు కట్టాలి. ‘పెట్టుకోండి, అమ్మాక లెక్క చూద్దాం’ అనే పద్ధతి పురస్కారానికి పనికిరాదు. ఎంట్రీ ఫీజు అసలే వద్దు. ఫీజు పెడితే డబ్బున్నవాళ్ల పుస్తకాలే ఎక్కువ వస్తాయి, పైగా ఫీజు ఆదాయం మీద ఆధారపడ్డ పురస్కారం ఎవర్నీ కాదనలేదు. రచయిత దగ్గర ఉచితంగా అడగాల్సింది మూడు కాపీలు, న్యాయనిర్ణేతకు ఒకటి చొప్పున. అంతే.

అర్హత ఒక్క వాక్యంలో తేలిపోవాలి: గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో పుట్టినవాళ్లు, లేదా కనీసం మూడేళ్లుగా ఉంటున్నవాళ్లు, గత రెండు క్యాలెండరు సంవత్సరాల్లో మొదటిసారి అచ్చయిన పుస్తకం. అచ్చుకాని రచనలకు వేరే విభాగం పెట్టి, పేరు తీసేసి నంబరు వేసి చదివించండి. ఇక్కడ ఒక చిక్కుంది. ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివి, తెలుగు చక్కగా మాట్లాడుతూ రాయలేనివాళ్లు ఈ జిల్లాల్లో చాలామంది. వాళ్ల కథను రికార్డింగుగా తీసుకుని, షాపే రాయించి పెట్టాలి. రాసేవాడికి చెప్పాల్సిన మాట ఒకటే: యాస దిద్దొద్దు.

న్యాయనిర్ణేతలకూ అదే చెప్పాలి, కాగితం మీద. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే, అక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకున్నదీ, వాడుక భాష కోసం పోరాటానికి దిగిందీ అక్కడి నుంచే. ఆ ఊరి మాటకు మార్కులు తగ్గించే పురస్కారం ఆ ఊళ్లో ఉండకూడదు. సవర రచన తెలుగు లిపిలో రావచ్చు, ఒడియా లిపిలో రావచ్చు, సవరకని 1936లో మంగై గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపిలో రావచ్చు. లిపిని బట్టి తిరగ్గొట్టకండి, చదవగలిగే మనిషిని వెతకండి.

ముగ్గురిలో ఒకరు సరిహద్దు అవతలివాళ్లు కావాలి, పాతపట్నం నుంచో శ్రీకాకుళం నుంచో. చిన్న ఊళ్లో అందరూ అందరికీ చుట్టాలే. ముందుమాట రాసినవాళ్లు, చదువు చెప్పినవాళ్లు, బంధువులు ఆ పుస్తకం చర్చకొచ్చినప్పుడు బయటికి వెళ్లాలి. పదికి ఇన్ని మార్కులని వేయించకండి. ఒకరు అందరికీ 8 వేస్తారు, ఇంకొకరు 5 దాటరు, సగటు తీస్తే ఎవరికీ అంతగా నచ్చని, ఎవరూ కాదనని పుస్తకం పైకొస్తుంది. ఒక్కొక్కరూ మూడు పుస్తకాలకు వరస పెట్టి, ఎందుకో ఒక్కో పేరా రాయాలి. ఆ పేరాలే తర్వాత షాపులో పుస్తకం పక్కన పెట్టే అట్ట మీదికి ఎక్కుతాయి.

ఫలితం ప్రకటించే ముందు రచయితను అడగాల్సిన ప్రశ్న: ‘మీ దగ్గర కాపీలెన్ని ఉన్నాయి?’ వందలోపు అంటే ముందు రీప్రింటు సంగతి తేల్చండి. పేపర్లో వార్త వచ్చిన వారంలోనే జనం అడుగుతారు, అప్పుడు లేదంటే మళ్లీ రారు. డిజిటల్ ప్రింటులో వంద కాపీలైనా వేస్తారు, కానీ పాత ఫైలు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని ‘అను’ ఫాంటుతో ఉంటే ఆలస్యం తప్పదు. యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు చెదిరి, ‘క్ష’లూ ‘ఱ’లూ తారుమారవుతాయి. పూర్తిగా ఒక ప్రూఫు చూడందే ప్రెస్సుకు ఇవ్వొద్దు. పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు, ఐఎస్‌బీఎన్, లేకపోతే ఈ విడతలో తీసుకోండి, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. దూరం పాఠకులకు పుస్తకాలు పంపడానికి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ ఉంది, 2025 మే 1న మొదలైంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం.

బొమ్మల విభాగానికి వేరే జాగ్రత్తలు. సవరల బొమ్మ ఇడిటాల్ ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసేది. పితృదేవతల కోసమో, జబ్బు నయం కావాలనో, పంట కోసమో వేస్తారు, అది పూజలో భాగం. ఆ గోడ ఫొటో తీసి పోటీకి పంపితే తీసుకోవద్దు. అమ్మకానికని గుడ్డ మీదో కాగితం మీదో కొత్తగా వేసినదే అడగండి. కాన్వాస్ చుట్టేటప్పుడు రంగు బయటివైపు ఉండాలి, కనీసం 4 అంగుళాల గొట్టం మీద చుట్టాలి, బిగించి చుడితే రంగు పగులుతుంది. ఫ్రేములో అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో మౌంటు, అంటే అంచు చుట్టూ అట్ట, తప్పదు. లేకపోతే వానాకాలం చెమ్మకు రంగు అద్దానికి అంటుకుని, తీసేటప్పుడు ఊడొస్తుంది. వెనక మామూలు అట్ట పెడితే కొన్నాళ్లకు పసుపు మరకలు పడతాయి, ఆమ్లం లేని బోర్డు కొనండి.

బొమ్మ కొన్నంత మాత్రాన దాని కాపీరైటు షాపుది కాదు. క్యాలెండరుకో పుస్తకం అట్టకో వాడాలంటే విడిగా డబ్బిచ్చి, రాతపూర్వకంగా హక్కు తీసుకోవాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం పత్రంలో గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా లెక్కిస్తారు. మీరే ఏడాది అని రాసిపెట్టండి, చిత్రకారుడికి అది మేలు. ఆ పత్రాన్ని అతనికొచ్చిన భాషలో చదివి వినిపించాకే సంతకం. షాపులో బొమ్మ అమ్మితే కమిషన్ 20 శాతం దాటకూడదన్నది మా మాట. డబ్బు బ్యాంకులో వేసేటప్పుడు పాసుబుక్‌లో ఉన్న పేరే వాడండి. సంతకంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండటం ఇక్కడ మామూలే, చెక్కులు తిరిగొచ్చేది అందుకే.

తుది జాబితాను గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29న ప్రకటించవచ్చు. సభ మాత్రం జనవరి చివరి ఆదివారం పెట్టుకోండి. వానలుండవు, వరి కోతలైపోతాయి, సంక్రాంతి ఖర్చులు దాటిపోతాయి, కొండ మీది ఊళ్లవాళ్లు తీరిగ్గా దిగి రాగలరు. వాళ్ల బస్సు ఛార్జీలు షాపువే.

ఏ ఏడైనా తగిన పుస్తకం రాలేదని ముగ్గురూ అంటే ఇవ్వకండి. ఆ వీలు నిబంధనల్లో మొదటి ఏడే రాసి ఉంచాలి, తర్వాత చేరిస్తే ఎవరినో ఆపడానికే చేర్చారంటారు. మిగిలిన నగదుతో పాత విజేతల పుస్తకాలు కొని, తెలుగు చెప్పే ప్రభుత్వ బడుల లైబ్రరీలకు బిల్లుతో సహా ఇచ్చేయండి.