నెల ముందే వచ్చిన తద్దినం

తాతయ్య తద్దినం మాఘ బహుళ తదియ. మేమిప్పుడు కాశీలో ఉంటున్నాం కదా, ఇక్కడి పంతులుగారినే అడిగి, ఆయన చెప్పిన రోజుకి సెలవు కూడా పెట్టేశా. ఫోన్‌లో అమ్మ, "ఇంకా పుష్యమాసమేరా!" అంది.

టెన్షన్‌తో పంచాంగం తీశా. మన నెల శుద్ధ పాడ్యమితో మొదలై అమావాస్యతో ముగుస్తుంది. ఇక్కడ పౌర్ణమితో ముగుస్తుంది, అంటే ముందు వచ్చేది కృష్ణపక్షమే. మన పుష్య బహుళం వీళ్లకి మాఘ కృష్ణపక్షం! శుద్ధంలో మాత్రం ఏ పేచీ లేదు. శివరాత్రి మనకి మాఘంలో, వీళ్లకి ఫాల్గుణంలో. రోజు మాత్రం ఒకటే.

పంతులుగారి తప్పేం లేదు, తెలుగు లెక్క అని నేనే చెప్పలేదు. సెలవు రద్దు చేసుకున్నా. గారెల మినప్పప్పు ఇంకో నెల డబ్బాలోనే.