వాడెన్ సముద్రంలో రెండు గంటల నడక: నా అనుభవం

మాది ఉప్పాడ. సముద్రం పక్కనే పుట్టి పెరిగాను కాబట్టి, జర్మనీలోని హాంబర్గ్ నుంచి కుక్స్‌హాఫెన్ వెళ్లి నీళ్లు వెనక్కి తీసినప్పుడు అడుగు నేల మీద నడవగలిగే వాడెన్ సముద్రం చూడటం పెద్ద పనేమీ కాదనుకున్నాను. నాలుగు తెలుగు కుటుంబాలకి శనివారం మధ్యాహ్నం చేరేలా రైలు టికెట్లు తీసేసి, ఆ తర్వాత గైడ్‌కి మెయిలు పెట్టాను.

"మీరొచ్చే వేళకి అక్కడ నీళ్లుంటాయి" అని ఆవిడ జవాబు. ఆదివారం ఉదయం ఏడింటికి రమ్మంది, పాటు (నీళ్లు వెనక్కి తీసే వేళ) అప్పుడే. పోటూ పాటూ చూడకుండా మా నాన్న ఏనాడూ పడవ దింపలేదు. ఆయన గుర్తొచ్చి సిగ్గేసింది.

టికెట్లు మార్చుకున్నాం. తీరా ముందురోజు రాత్రి, ఉరుములొస్తాయని ఆవిడే రద్దు చేసింది. చెట్టూ పుట్టా లేని బయలు, పిడుగు పడితే తలదాచుకునే చోటుండదు. మళ్లీ రెండు వారాలు ఆగాం. పిల్లల వయసు అడిగింది. రబ్బరు బూట్లు బురదలో దిగబడతాయి, గవ్వలు కోసుకోకుండా పాత సాక్సులు వేసుకోండి అంది. పది కిలోమీటర్లు నడిచి న్యూవెర్క్ దీవి దాకా వెళ్తామంటే ఒప్పుకోలేదు. ఆరేళ్ల పిల్లలకి రెండు గంటలు చాలంది. ఆ ఖచ్చితత్వం నాకు నచ్చింది.

నీళ్లు తీసిన నేలంతా ఇసుక జంతికలు! మా చిన్నది అలాగే పిలిచింది. అడుగున ఉండే పురుగు ఇసుక మింగి, తినాల్సింది తిని, మిగతాది అలా చుట్టలుగా పైకి వదులుతుందట. దూరంగా స్తంభం మీద పంజరంలాంటి బుట్ట, దానికో నిచ్చెన. పోటులో చిక్కినవాళ్లు ఎక్కడానికి. నీళ్లు ఎదురుగానే రావు, మన వెనకున్న కాలవలు ముందు నిండిపోతాయి. గైడ్ లేకుండా దిగొద్దనేది అందుకే.

ఈ తీరం డెన్మార్క్, జర్మనీ, నెదర్లాండ్స్‌లది, సుమారు 500 కిలోమీటర్లు. ఏటా కోటికి పైగా వలస పక్షులు ఇక్కడ ఆగి, మేసి వెళ్తాయి. ఒక దేశంలో కాపాడి పక్క దేశంలో బెదరగొడితే ఏం లాభం? 1978 నుంచి మూడు దేశాలూ కలిసి కూర్చుంటున్నాయి. 1988లో వైరస్ సోకి సీల్ అనే సముద్ర జంతువులు వేలల్లో చచ్చిపోయాక, 1990లో వాటి కోసమే ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పుడు సీళ్లని కూడా కలిసే లెక్కపెడతాయి. 2009లో యునెస్కో వారసత్వ హోదా వచ్చింది, 2014లో డెన్మార్క్ భాగమూ చేరింది. పర్యాటకానికి ఉమ్మడి వ్యూహం రాసుకున్నదీ ఆ ఏడాదే. తీరం మీద బతికే గైడ్లు, హోటళ్లవాళ్లు, పడవలవాళ్లు అందులో భాగస్వాములు.

గైడ్ ఇవన్నీ చెప్తుంటే పులికాట్ మీదికి పోయింది మనసు. సరస్సు ఒకటే, ఆంధ్రా తమిళనాడూ రెండు ఒడ్లు, ఫ్లెమింగోలు ఇద్దరివీ. పడవ పక్షులకి ఎంత దూరంలో ఆగాలో రెండు వైపుల జాలర్లే కూర్చుని తేల్చుకుంటే ఎంత బాగుంటుంది!

గట్టెక్కాక ఆవిడ మమ్మల్ని లెక్కపెట్టింది, పదమూడు మందీ ఉన్నాం. వచ్చే వేసవికి డెన్మార్క్ వైపు, రీబె దగ్గర నడవాలనుకున్నాం. పాటు పట్టిక చూసి తేదీ పెట్టుకున్నాం. రైలు టికెట్లు ఇంకా తీయలేదు.