నెట్ ఇంగ్లిష్: ఒక అటెంప్ట్ పోయాక ఈనియడ్ నాకెలా అర్థమైందంటే

నిన్న నెట్ (లెక్చరర్ అర్హతకీ, రీసెర్చ్ ఫెలోషిప్‌కీ రాసే పరీక్ష) రిజల్ట్ వచ్చింది. జేఆర్‌ఎఫ్, అంటే ఆ ఫెలోషిప్పే! అమ్మ ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను. అందరూ ఎలా చదివావని అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నాను. అన్ని సబ్జెక్టులవాళ్లకీ కామన్‌గా ఉండే పేపర్ 1కి ప్రీవియస్ పేపర్లు టైమ్ పెట్టుకుని చేయండి, అంతే. నేను చెప్పాలనుకున్నది మొదటి అటెంప్ట్ గురించి.

అప్పుడు ఎపిక్స్ అన్నీ బట్టీ పట్టాను. ఈనియడ్ అంటే రోమన్ కవి వర్జిల్ లాటిన్‌లో రాసిన ఎపిక్; ట్రాయ్ నగరం కూలాక ఈనియస్ తన ట్రోజన్లతో కొత్త నేల వెతుక్కుంటూ ఇటలీ చేరే కథ. 12 బుక్స్, క్రీ.పూ. 19లో వర్జిల్ చనిపోయేనాటికి తుదిమెరుగులు పడలేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. తీరా సంఘటనల్ని వరసలో పెట్టమంటే, ఈనియస్ ఇటలీలో కలిసే రాజుల్లో లాటినస్ ముందో ఎవాండర్ ముందో తేలక చెయ్యి ఆగిపోయింది. ఆ టెన్షన్‌లో తెలిసినవీ తప్పు పెట్టాను. కటాఫ్ కొద్దిలో పోయింది.

మళ్లీ మొదలుపెట్టాక ఒక రాత్రి అమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. పొయ్యి పక్కన కూర్చుని కథ చెప్పాను. మూడో బుక్‌లో సెలీనో అనే ఆడముఖపు రాక్షస పక్షి ట్రోజన్లను శపిస్తుంది: ఆకలికి బల్లలు కూడా నమిలితే గానీ మీ నగరానికి గోడలు లేవవని. ఏడో బుక్‌లో ఇటలీలో టైబర్ నది ఒడ్డున పల్చటి రొట్టెల మీద పళ్లు పెట్టుకుని తిని, ఆ రొట్టెలూ తినేస్తారు. "బల్లలు కూడా తినేస్తున్నామే!" అంటాడు ఈనియస్ కొడుకు. అదే తమకు రాసిపెట్టిన నేల అని ఈనియస్‌కు తెలిసిపోతుంది. అక్కడి రాజు లాటినస్ అతనికి తన కూతుర్నిస్తానంటాడు. అమ్మ రొట్టె మీదే కూర వేసుకుంటూ, "సరే, పరాయివాడికి అక్కడి రాజు పిల్లనెందుకిస్తాడు?" అంది.

నాకు తలుపు తెరుచుకుంది అక్కడే. లాటినస్‌కు తండ్రి ఫానస్ దేవుడి వాణి ముందే చెప్పింది, అల్లుడు బయటి దేశం నుంచి వస్తాడని. అందుకే కూతురు లవీనియా సంబంధం ఆయనే ఎత్తాడు. రాణి అమాటాకు అల్లుడిగా పొరుగు రాజు టర్నస్ కావాలి, ట్రోజన్లంటే పడని దేవత జూనో అగ్గి రాజేసింది, యుద్ధం వచ్చింది. ఎనిమిదో బుక్‌లో ఎవాండర్‌తో కలవమని టైబర్ నది దేవుడే చెప్పాడు. పరాయి నాయకుడు దొరికేదాకా ఆగమని ఇటలీలోనే మరో జాతి ఎట్రుస్కన్లకు వాళ్ల జోస్యుడు చెప్పాడు. అంటే ప్రతి పొత్తు వెనకా ఒక జోస్యం. రోమ్ భవితవ్యం ఇలా వియ్యాలతో, పొత్తులతో నడుస్తుంది. ఇది పట్టుకున్నాక వరస మళ్లీ తప్పలేదు.

ఏడాది వేస్ట్ చేసిందన్నారు చాలామంది. చేయలేదు. రోజూ తెల్లవారుజామున 4 గంటలకు లేచాను, ఫోన్ పక్కింట్లో ఇచ్చాను. మీరూ సమ్మరీలు మానేసి టెక్స్ట్ ముందు కూర్చోండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, షార్ట్‌కట్ కోసం వెతికే టైమ్‌లో ఒక బుక్ అయిపోతుంది.

పన్నెండో బుక్‌లో జూనో, దేవతల రాజు జూపిటర్ మాటలు మాత్రం వదలకండి. జూనో కోపం దిగడానికి పెట్టిన షరతు ఒకటే: లాటినస్ ప్రజలైన లాటిన్ల పేరు, భాష, కట్టుబొట్టు మారకూడదు. జూపిటర్ ఒప్పుకున్నాడు. గెలిచింది ట్రోజన్లు, పోయింది వాళ్ల పేరే.